పన్నెండు పెన్సిళ్లు

ఉత్తర డకోటాలో మా టౌన్‌షిప్ హాలు ఒకప్పటి బడి.
నల్లబల్ల మీద ఎవరో రాసిన ఏడో ఎక్కం
ఎన్నిసార్లు తుడిచినా పోలేదు.
ముప్పై రెండేళ్లుగా, నవంబరులో ఆ మంగళవారం,
చీకటితోనే వచ్చి నూనె పొయ్యి వెలిగిస్తాను.
పన్నెండు పెన్సిళ్లు చెక్కుతాను.
కాఫీ కాస్తాను. బాగుండదని అందరికీ తెలుసు, తాగుతారు.

ఇక్కడ పార్టీ అంటే పొలం గట్టు.
తాత వేశాడు, నాన్న మట్టి ఎగదోశాడు,
మనం దున్నుతూ దున్నుతూ
దాని దగ్గరికి రాగానే ట్రాక్టరు తిప్పుకుంటాం.
అక్కడే ఎందుకుందని ఎవరూ అడగరు.

ఆర్విడ్ టొలెఫ్స్‌రూడ్ నలభై సెకన్లలో ఓటేసే మనిషి.
టోపీ కూడా తియ్యడు.
పైనుంచి కిందికి ఒకే పార్టీ. బయటికొచ్చి
"గుర్రం తుమ్మినంత సేపు" అంటాడు, ప్రతిసారీ అదే మాట.
ఈసారి పదకొండు నిమిషాలు.
తెర కింద ఆయన బూట్లు కనబడుతున్నాయి,
దుంపల చేని మట్టి ఎండి రాలుతోంది.
ఒక మడమ లేచింది. మళ్లీ ఆనింది.

మనవడు కోల్టన్ నేషనల్ గార్డులో చేరింది
కాలేజీ ఫీజు కోసం.
నెలకో శనాదివారం డ్రిల్లు, ఎర్ర నది పొంగితే ఇసుక బస్తాలు.
ఇప్పుడూ ఇసుక బస్తాలే వేస్తున్నాడట,
నది వేరు.
వేసవికి పంపుతామన్నారు. గడువు పెంచారు.
దుంపల తవ్వకానికన్నారు. మళ్లీ పెంచారు.
ఆర్విడ్ ట్రక్కు తోలడానికి
గ్రాండ్ ఫోర్క్స్ నుంచి కిరాయి మనిషిని తెచ్చుకున్నాడు.
ఎలివేటర్ దగ్గర ఆ సంగతి ఎవరూ ఎత్తరు.
గోధుమ ధర మాట్లాడతారు, డీజిల్ ధర మాట్లాడతారు.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని
మా నార్వే ముసలాళ్లకు ఒకరు చెప్పాలా?
ట్రక్కు వెనక అంటించిన పసుపు రిబ్బను
ఎండకి తెల్లబడిపోయింది. పీకెయ్యడు.
పీకితే పిల్లాణ్ణి పీకేసినట్టు.

మధ్యాహ్నం లవీనా క్రాగ్నెస్ వచ్చింది.
ఆమె ఇంటికి జెండా మూడు కోణాలుగా మడిచి తెచ్చి
ఏడాదిన్నర.
ఆమె నన్నేమీ అడగలేదు, నేనూ అడగలేదు.
కోటు గుండీలు పెట్టుకుంటూ తనే అంది:
"నేను కూడా మారితే, వెర్నా,
వాడు ఎందుకు పోయినట్టు?"
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
కాఫీ పోశాను.

ఎనిమిదింటికి తలుపేసి ముగ్గురం లెక్కకి కూర్చున్నాం.
గుండ్రం నింపిన తీరు చూసి మనిషిని పోల్చకూడదు, చట్టం.
నేను పోల్చలేదనే అనుకుంటాను.
ఒక కాగితం మాత్రం
షెరీఫు నుంచి నీటి బోర్డు దాకా పాత పార్టీకే,
వాషింగ్టన్‌కి పంపే మనిషి గడి దగ్గర
నింపి, చెరిపి, నింపి, చెరిపి
పొర లేచిపోయి
దీపానికి అడ్డం పెడితే వెలుతురు కారింది.
దాని కిందున్న గుండ్రం నిండుగా, నల్లగా ఉంది.
అవతలి పార్టీ.
ఓటు చెల్లుతుందా అని ఇద్దరూ నా మొహం చూశారు.
చెల్లుతుందన్నాను.

రెండేళ్ల కిందట డెబ్బై ఒకటి, పద్నాలుగు.
ఈసారి నలభై నాలుగు, నలభై ఒకటి.
గెలిచింది పాత పార్టీయే.
ఫోనులో కౌంటీ గుమాస్తా "మళ్లీ చెప్పు" అంది.
చెప్పాను. "నీ ఊరేనా?" అంది.

పొయ్యి ఆర్పి పెన్సిళ్లు డబ్బాలో వేస్తుంటే
పదకొండే ఉన్నాయి.
బల్లల కింద వెతికాను, తెర వెనక వెతికాను.

మర్నాడు పోస్టాఫీసు మెట్ల మీద
ఆర్విడ్ చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు,
"చూసుకోలేదు, జేబులో పెట్టేసుకున్నా."
మొన అలాగే ఉంది.
రెండో వైపు రబ్బరు, రేకు దాకా అరిగిపోయింది.
మా ఇద్దరికీ కాసేపు
ఎటు చూడాలో తెలీలేదు.
టన్నులెన్ని వచ్చాయి ఈసారి, అన్నాను.
పర్లేదు, అన్నాడు. తీపి తక్కువ.