ముప్ఫై ఎనిమిది గ్రాములు

వాలాజా రోడ్డు వెనక సందులో
జిరాక్స్ కొట్టుకీ టీ బంకుకీ మధ్య
ఒక గుమ్మం వెడల్పు జాగా, మునిరత్నం ఆచారిది.
బోర్డు లేదు. విరిగిన పిడి ఒకటి వేలాడుతుంటుంది.
చేపాక్ కేకలు గోడ దాటి వచ్చి పడుతుంటాయి గానీ
ఆయన ఒక్క మ్యాచూ చూడలేదట.
"కేక వింటే చాలమ్మా,
బంతి బ్యాట్‌లో ఎక్కడ తగిలిందో తెలుస్తుంది."
నేను నమ్మలేదు.

నా బ్యాట్ ఆయన ముందు పెట్టాను.
మొదటి జీతంతో కొన్నది.
అంచులు బొటనవేలంత మందం,
వెన్ను ఉబ్బి, పెళ్ళివారి మామగారిలా ఉంటుంది.
మందముంటే సిక్సరే అన్నాడు షాపువాడు.
ఆరు నెలలుగా
అడుగున తగిలి చేతులు జుమ్మనడమే తప్ప
సిక్సరూ లేదు, గిక్సరూ లేదు.

ఆచారి గోటితో నార గీతలు లెక్కపెట్టాడు.
ఏడు.
"చెట్టు బాగానే బతికింది.
నువ్వెక్కడ ఆడతావు?"
కొరట్టూరులో, మట్టి పిచ్ మీద.
"బంతి ఎంత లేస్తుంది?"
పిక్క చూపించాను.
మోకాలు దాటితే ఆ రోజు పండగే.
"మరి దీని పొట్ట ఇంత పైనుందే!
ఎవరో పరాయి ఊరి బంతికి చేసినట్టున్నారు."

తర్వాత, తల ఎత్తకుండానే,
"ఎడమ మణికట్టు ఎప్పుడు విరిగింది?"
బేసిన్ బ్రిడ్జి మీద స్కూటర్ జారిన సంగతి
నేనాయనకి చెప్పలేదు.
"గొడుగు మూశావుగా, చూశాను."

బ్యాట్‌ని మోకాళ్ళ మధ్య ఇరికించి
భుజాల దగ్గర చిత్రిక పట్టాడు.
తోపడా వదిలి గాజు పెంకు అందుకున్నాడు.
నాలుగు గీకులు గీకి,
రెండు వేళ్ళతో పిడి పట్టి వేలాడదీసి,
పాత సాక్సులో కట్టిన బంతితో తట్టి,
కుండ కొనే మనిషిలా చెవి ఒగ్గాడు.
మళ్ళీ గీకుడు.
పొట్టు నా చెప్పుల మీద రాలుతోంది.

ఉండబట్టలేక అడిగాను:
ఆచారీ, డబ్బు పోసి కొన్న కొయ్య అది,
బరువు తగ్గితే దెబ్బ తగ్గదూ?
"బాడిస బరువైతే చెక్క తెగదమ్మా,
భుజం తెగుతుంది."
అంతే. ఇంకేం చెప్పలేదు.

రాలిన పొట్టంతా ఊడ్చి
అన్న కొట్టునుంచి తెచ్చుకున్న కంసాలి త్రాసులో తూచి
తమిళ పేపర్లో పొట్లం కట్టాడు.
"ముప్ఫై ఎనిమిది గ్రాములు. ఇదీ నీదే, తీసుకుపో."

ఆదివారం కొరట్టూరు.
జెసింత మూడో బంతి
లేస్తానని నమ్మించి లేవలేదు.
బ్యాట్ నాకంటే ముందే అక్కడికి దిగి ఉంది.
చేతులు జుమ్మనలేదు.
తగిలిందో లేదో కూడా వాటికి తెలియలేదు.
చెవికి తెలిసింది.
కవర్లో నిలబడ్డ పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది,
నేనింకా పరుగు మొదలుపెట్టనే లేదు.

పదిహేడు దగ్గర రనౌటయ్యాను.
దానికి ఆచారి ఏం చేస్తాడు.

పొట్లం ఇంకా కిట్ బ్యాగులోనే, గ్లవ్స్ కింద ఉంది.
లోకల్ ట్రైన్ మెట్లెక్కుతుంటే
బ్యాగు బరువేమీ తగ్గలేదు.
ఆ కొయ్యంతా నేనే మోస్తున్నాను,
భుజం మీద.
చేతుల్లో కాదు.