చప్పరింత

కూబర్ పీడీలో మా ఇల్లు కొండ కడుపులో ఉంటుంది.
బయట ఎండ నలభై ఏడు దాటినా
లోపల గోడ మీద చెయ్యి వేస్తే కుండనీళ్ళ చలువ.
కిటికీ లేదు. కప్పులోంచి పైకి పోయే గాలిగొట్టం ఒక్కటే.
మధ్యాహ్నం అందులోంచి అరచేయంత వెలుగు
నేల మీద పడి, పావుగంట నడిచి, పోతుంది.
ఆ వెలుగు దారిలోనే పంజరం వేలాడదీశాడు స్తిపాన్.

పిట్ట పేరు లిమున్. మా వైపు నిమ్మకాయని అలా అంటారు.
ఆడపిట్ట అని చెప్పి అమ్మాడు అడిలైడ్ నుంచి వచ్చిన లారీవాడు.
నాలుగు నెలలకి ముక్కు మీది తోలు నీలం తిరిగింది.
"మగాడే!" అని స్తిపాన్ ఒకటే నవ్వు,
ఆ నవ్వులోనే దగ్గు.

మొదట్లో నాకేమీ తెలిసేది కాదు.
రాత్రి దీపం తగ్గించాక సన్నగా కరకర.
ఎలుక అనుకుని చీపురు పట్టుకు లేచాను.
ముక్కు నూరుకుంటోందట. నిద్రకి ముందు,
కడుపు నిండి, భయమేమీ లేనప్పుడు అలా నూరుకుంటాయట.
మనిషికీ అలాంటి చప్పుడొకటి ఉంటే
మంచానికి ఇవతల పడుకున్నవాళ్ళకి తెలిసేది.

ఒంటికాలి మీద నిలబడితే కాలు విరిగిందనుకున్నాను.
రెక్కలు ఒంటికి ఎడంగా పట్టి నిలబడితే అలిగిందనుకున్నాను.
(గాలిగొట్టం మూసుకుపోయింది ఆ రోజు. ఉక్క. నాకూ చెమటే.)
ఈకలు ఉబ్బించి బంతిలా అయితే ముద్దొచ్చి నవ్వాను.
ఊపిరికొకసారి తోక పైకీ కిందికీ ఊగుతుంటే
అదీ ఆటే అనుకున్నాను.
అది మాత్రం ఆట కాదు.
పశువుల డాక్టరు ఉండేది అయిదువందల కిలోమీటర్ల అవతల.
ఫోన్‌లో ఆవిడ చెప్పినట్టు బల్బు దగ్గరగా పెట్టి
మూడు రాత్రులు కూర్చున్నాడు స్తిపాన్.
నాకు జ్వరమొస్తే అంత కూర్చోలేదు. అన్నాను కూడా.

అతనికో అలవాటుండేది.
నీళ్ళ సీసాలోంచి రాయి తీసి, దీపానికి పట్టి,
రంగు లేకపోతే నాలుకతో చ్.
బూడిదరంగు రాయి, చ్.
నా సూపు, చ్. నా కొత్త గౌను, చ్.
టీవీలో వాతావరణం, చ్.
ముప్పై ఒక్క ఏళ్ళు.
ఒక్కోసారి నేను గుమ్మంలోకి రావడానికీ ఆ చప్పుడుకీ మధ్య
ఏ రాయీ ఉండేది కాదు.

పోయిన జూన్‌లో అతన్ని ఎర్రమట్టిలో పెట్టి వచ్చాం.
ఆ రాత్రి పక్క గనిలో పేలుడుకి
పిట్ట చీకట్లో గుడ్డిగా కొట్టుకుంది,
ఊచలకి, గంటకి, అద్దానికి.
అప్పట్నుంచి చిన్న దీపం ఆర్పను.
దానికోసమే.

తొమ్మిదో రోజు, అద్దం ముందు చేరి
తల పైకీ కిందికీ, పైకీ కిందికీ,
కంటిపాప చుక్కయి, పెద్దదయి, మళ్ళీ చుక్కయి,
గొంతులోంచి గింజలు పైకి తెచ్చి
అద్దంలో పిట్ట నోటికి అందిస్తూ,
చ్.
అచ్చం అతనిదే. పన్ను సందులో గాలితో సహా.
చేతిలో గిన్నె కింద పెట్టేశాను.

జబ్బేం లేదట. ఆవిడ ఫోన్‌లో నవ్వింది.
తనకిష్టమైనవాళ్ళకి అలా తినిపిస్తుందట.
మరి ఆ చప్పుడు? అన్నాను.
ఇంట్లో ఎక్కువగా విన్నదేదో పట్టుకుంటాయి,
అర్థంతో వాటికి పనిలేదు, అంది.

పంజరం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.
అర్థంతో పనిలేకపోవడం దానికి సరే.
నా దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళ లెక్క ఉంది,
పిట్ట సాక్ష్యానికి కొట్టివేసేది కాదు.

వానలు పడ్డ ఏడాది, ఉత్తరాన గడ్డి గింజపట్టాక
అడవి బడ్జీలు ఇటు వస్తాయి, వేలకొద్దీ,
ఒకే ఆకుపచ్చ దుప్పటి దులిపినట్టు మలుపు తిరుగుతూ.
ఆ గోల గాలిగొట్టంలోంచి దిగితే
లిమున్ నిక్కి, ఈకలన్నీ ఒంటికంటించుకుని, పుల్లలా సన్నబడి
వింటుంది. బదులివ్వదు.
తర్వాత నా భుజమ్మీద వాలి
చెవి వెనక ఒక్కో వెంట్రుకా దువ్వి
చ్, అంటుంది.

నిన్న సూపులో ఉప్పెక్కువైంది.
ఎవరూ లేరు కదా, నేనే అన్నాను, చ్.
పంజరంలోంచి వెంటనే బదులు.
మళ్ళీ అన్నాను.