శుక్రవారం ఎనిమిది గంటలు

నెల రోజులుగా తెర మూలన ఒకటే పోరు:
పాత వ్యవస్థకి ఇక కాపలా ఉండదట,
తలుపు తెరిచి పడుకున్న ఇల్లట నా కంప్యూటర్.
తాంపెరేలో నేను పుట్టిన వీధిలో
తాళం అన్న మాటే లేదు, ఎవరికి చెబుతోంది.
అయినా సరేనన్నాను.
డెబ్భై నాలుగేళ్ళకి నాకు మోకాలు మార్చారు,
దానికి మెదడు మార్చలేమా.

బయట మైనస్ ఇరవై రెండు.
సాయం వస్తానన్నాడు రెండో అంతస్తు కుర్రాడు ఓత్సో.
వద్దన్నాను.
నేత మిల్లులో ముప్ఫై ఏళ్ళు
చిల్లుల అట్టలతో మగ్గానికి పువ్వులు నేర్పినదాన్ని,
ఒక బొత్తాం నొక్కలేనా.

నొక్కాను. ఒక శాతం.
ఊలు తీసుకుని కూర్చున్నాను, ఎడమకాలి మేజోడు.
ఏడు శాతానికి అంచు,
నలభైకి మడమ తిరిగింది,
ఎనభై మూడు దగ్గర ఆగిపోయింది,
నేను కాదు, అది.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
గానుగెద్దులా చుక్కలు మాత్రం తిరుగుతున్నాయి.
'కంప్యూటర్‌ని ఆపవద్దు' అంది తెర.
ఆపేదెవరు.
వేళ్ళ దగ్గర ముడి వేసి దారం తెంపేసరికి రెండున్నర.
ఎనభై మూడు అలాగే ఉంది.

తెల్లారి లేచి చూస్తే
హలో, నీ పేరేమిటి, అంటోంది.
పదకొండేళ్ళు నా వేళ్ళ కింద పడి ఉన్నది!
హిల్కా, అని కొట్టాను, కాస్త గట్టిగానే.

ఫోటోలున్నాయి, బ్యాంకు ఉంది.
ప్రింటర్ పలకదు, దాని సంగతి తరవాత.
పోయింది సౌనా పట్టిక.

మా మెట్లదారికి పదహారు ఇళ్ళు,
నేలమాళిగలో ఆవిరిగది ఒక్కటే.
ఎవరిది ఏ రోజు, ఏ గంట, ఆ లెక్క నాది.
తొంభై ఆరులో వాచ్‌మన్ కొడుకు యార్మో రాసిచ్చిన ప్రోగ్రాం,
నీలం తెర మీద పసుపు అక్షరాలు.
పేర్లు చేర్చడం నేర్పాడు దానికి,
తీసేయడం నేర్పలేదు.
పదిహేనేళ్ళవాడికి ఆ అవసరం తోచలేదు.

అందుకే తౌనో కెత్తునెన్ పోయి నాలుగేళ్ళయినా
శుక్రవారం ఎనిమిది ఆయనదే.
రాళ్ళు కాగేవి, నీళ్ళు చల్లేవాళ్ళు లేరు.
సంఘంవాళ్ళు అడిగితే
'ప్రోగ్రాం ఒప్పుకోవడం లేదు' అనేదాన్ని.
అబద్ధం కాదు.
మొత్తం నిజమూ కాదు.
ఆయన తరవాత తొమ్మిదింటికి నా వంతు.
తలుపు తీస్తే బల్ల మీద తడి బర్చాకు వాసన.
ఇరవై ఏళ్ళలో మా మధ్య ఉన్నది
అంతే, ఒక వాసన.

'ఈ ప్రోగ్రాం ఇందులో పనిచేయదు.'
అయ్యో అని కూడా అనలేదు.
ఓత్సో వచ్చి చూసి,
వెనక్కి వెళ్ళొచ్చు, పది రోజులు గడువుంది, అన్నాడు.
గోడ మీద పిల్లినై తొమ్మిది రోజులు కూర్చున్నాను.
పదో రోజు
మిల్లు నాటి గళ్ళ కాగితం తీశాను, పెన్సిలు, స్కేలు.
సోమవారం నిండింది, బుధ, గురు నిండాయి,
శుక్రవారం ఎనిమిది దగ్గర
పెన్సిలు ఎనభై మూడు శాతం మీద ఆగింది.

మూడో అంతస్తులో ఇదిల్, నలుగురు పిల్లలు.
ఆకురాలే నెలలో మెట్ల మీద ఆపి అడిగింది ఒక గంట.
ఖాళీ లేదు, ప్రోగ్రాం నిండిపోయింది, అన్నాను.
ఆమె నా ముఖంలోకి చూసి తల ఊపింది.

పైకి వెళ్ళి తలుపు మీద అక్షరాలు చూసొచ్చి
తప్పు లేకుండా రాశాను.

ఈ శుక్రవారం తొమ్మిదికి దిగాను.
నేలంతా నీళ్ళు. సబ్బు నురగ.
బకెట్‌లో మునిగిన బొమ్మ లారీ ఒకటి.
ముక్కు ఎంత ఎగబీల్చినా బర్చాకు తగల్లేదు.
లారీని తీసి బల్ల మీద ఆరబెట్టి
రాళ్ళ మీద ఒక గరిటెడు పోశాను,
చుయ్యిమంది.

ప్రింటర్ మాత్రం ఇంకా పలకడం లేదు.