ఎడమ పక్క కుట్టు

పదకొండు నెలలైంది.
ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్తది.
జాకిట్ హుక్కు పెట్టుకునేటప్పుడు మాత్రం
ఎడమ పక్కన ఎవరో అగ్గిపుల్ల గీస్తరు.

పంజగుట్టల నొప్పుల డాక్టరమ్మ
కాయితం ముందరేసుకుని అడుగుతది.
వయసు?
నలభై ఆరు.
"చిన్నదానివే" అన్నది, అదేదో తప్పయినట్టు.
షుగరు? ఉంది.
ఆపరేషన్‌కు ముందు ఎక్కడన్న నొప్పి ఉండెనా?

నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్లు వారాసిగూడల మిషన్ తొక్కిన నడుము నాది.
బోనాల ముందు రాత్రిళ్లు
మెడకు తడిబట్ట చుట్టుకుని ఫాల్స్ కుట్టిన.
దాన్ని నొప్పంటరని నాకెవరు చెప్పిన్రు?

మొదటి మూడు రోజులు బాగ నొచ్చిందా?
నొచ్చింది. చెప్పలే.
పక్క మంచం బాలామణి మూలిగితే
నర్సు కసురుడు ఇన్న.

రొమ్ము లోపలి నరమొకటి తీసి గుండెకు అతికిన్రట.
నేనూ అట్లనే చేస్త,
కొంగు చివర కోసి చంకల ముక్కేస్త.
అతికిన చోటు ఆగుతది.
కోసిన చోటనే పోగులు లేస్తయి.

"భయపడ్డవా?"
మత్తు సూది ఇచ్చేటప్పుడు
ఒక చెయ్యి కుట్టి, ఒక చెయ్యి కుట్టక
మిషన్ మీద ఇడిసొచ్చిన రజిత బ్లౌజు యాదికొచ్చింది.
అది భయమో కాదో తెల్వదన్న.

అన్నిట్ల టిక్కు పెట్టింది.
"ముందే అడగాల్సింది" అన్నది
నాతోని కాదు, కాయితంతోని.

మెట్రో కింద ఆటోవాడు
గుంత చూసి కూడా ఆపలే.
చేతిసంచి రొమ్ముకు అదుముకున్న.
లోపల మీటరున్నర లైనింగు గుడ్డ.
మెత్తగనే ఉంది.