శివారు తడి

మునిసిపాలిటీ వాళ్ళు నాకిచ్చింది
ఫ్యాను తిరగని గది, ఊరి పటం,
నాలుగు నెలల గడువు.
బస్సు దారులు గీయమన్నారు.
ఎన్ని బస్సులని అడిగితే
ముందు గీయండి, చూద్దాం అన్నారు.

పటం నిండా నేనెరగని భీమవరం.
ఉండి రోడ్డు వెంట, జువ్వలపాలెం రోడ్డు వెంట
నిన్నటి చేలల్లో కంకర పోసి
ఆర్చిలు కట్టి పేర్లు పెట్టారు.
ఆర్చి లోపల ముప్ఫై అడుగుల రోడ్డు,
ఇంటింటికీ కారు పట్టే గేటు.
ఆర్చి దాటితే
నడిచే మనిషికి జానెడు గట్టు లేదు.
పాల ప్యాకెట్టుకి కారు,
ఆ కారు నిలపడానికి బజారు చుట్టూ మూడు ప్రదక్షిణలు.

మొదటి వారం నా పెన్సిలు
అందరికీ మంచి చెయ్యబోయింది.
ప్రతి ఆర్చిలోకీ దూరింది, వెనక్కి తిరిగింది,
జంతికల గొట్టం తిప్పినట్టు
పటమంతా చుట్టలు చుట్టింది.
లెక్కేస్తే ఈ కొస నుంచి ఆ కొసకి
గంటా నలభై నిమిషాలు.

యనమదుర్రు వంతెన మీద నిలబడి
తెల్లారగట్ల మనుషుల్ని లెక్కపెట్టాను.
నాలుగున్నరకి ఒకే ఆటోలో పదకొండుమంది,
రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడవాళ్ళు.
చిట్టిమాణిక్యం అంచు మీద కూచుని
ఒక కాలు రోడ్డు మీదికి వేలాడేసింది.
రానూపోనూ ఎనభై అని
ఐసు నీళ్ళకి ముడతలు పడ్డ వేళ్ళతో లెక్క చెప్పింది.
కూలిలో అయిదో వంతు.
"బస్సా? వత్తే ఎక్కుతాం.
ఎప్పుడొత్తాదో తెలవంది రానట్టే గాండి."
నా ఫారంలో ఆ మాటకి గడి లేదు.
మార్జిన్లో రాసుకున్నాను.

లాకుల దగ్గర టీ తాగుతూ పటం పరిస్తే
గుడాల ఏసుపాదం వంగి చూశాడు.
ముప్ఫై ఏళ్ళు లస్కరుగా
తూము తలుపులు ఎత్తి దించినవాడు.
"ఇదేం కాలవండీ?"
కాలవ కాదు, బస్సు దారి.
"ఏదైతేనేం. పెద్దకాలవని చేను చేనుకీ తిప్పుతారేటండీ?
అది తిన్నగా ఎల్లాలి.
చేలోకి బోదె ఎల్తాది.
మీ బోదె మనిషి కాళ్ళే.
ఆ కాళ్ళకి ముందు గట్టెయ్యండి.
ఇంకోటి. వంతు.
పలానా పొద్దుకి నీరొత్తాదని తెలిత్తే
రైతు నిద్దరోతాడు.
తెలవకపోతే రాత్రంతా పార అట్టుకుని
గట్టు మీదే కాపలా, పక్కోడితో తగువు."

కారంటే అదే కదా అనుకున్నాను,
వంతు మీద నమ్మకం పోయి
ఎవడి గుమ్మంలో వాడు వేయించుకున్న బోరు.

ఆ రాత్రి అన్నీ చెరిపేశాను.
రబ్బరు పొట్టు ఊదేసరికి మూడే గీతలు, తిన్నగా,
స్టేషను దగ్గర ఒకదాన్నొకటి దాటేలా.
పావుగంటకొకటి. మొదటిది నాలుగుంబావుకి.
రెండు పక్కలా నడిచే గట్టు, దీపం.
శివారు అని రాయబోయి ఆగాను.
నీటి లెక్కల్లో అది చివరి చేను,
ఊరి లెక్కల్లో చవక ఇల్లు.
రెండింటికీ చేరేది మిగిలిందే, మిగిలితే.

మీటింగులో ఒకాయన అడిగాడు:
గట్టు వేస్తే కార్లెక్కడ పెట్టుకోవాలి?
గంటన్నర దాని మీదే నడిచింది.
మూడు గీతల్లో ఒకటి బతికింది, ఆర్నెల్ల ప్రయోగంగా.
పావుగంట అరగంటైంది.
నాలుగుంబావుని మాత్రం నేను వదల్లేదు.

మొదటిరోజు డ్రైవరు కాక ముగ్గురం:
నేను, ఏసుపాదం, ఆవలిస్తూ కండక్టరు మీరావలి.
చీకట్లో చెరువుల మీద ఏరేటర్ల నురుగు.
చివరి స్టాపులో ఒక కుక్క.
నా మొహం చూసి ఏసుపాదం అన్నాడు,
"ఎండిన కాలవకి నీరొదిలిన్రోజు
మొదటి తడి కాలవే తాగేత్తాదండి.
శివారుకి చుక్కెల్లదు.
రేపూ వదలాలి. ఎల్లుండీ వదలాలి."

మీరావలి వాచీ చూసుకున్నాడు,
ఇంకా రెండు నిమిషాలుంది.
దూరంగా, గట్టు లేని రోడ్డు అంచున
టిఫిను క్యారేజీ ఊపుకుంటూ ఎవరో,
పరిగెత్తాలా వద్దా అన్నట్టు వస్తున్నారు.