ఎన్నూరు, నాలుగో షీటు

గుడికి ఒక గుర్తుంది నా పట్టికలో.
మసీదుకీ, చర్చికీ, సమాధికీ,
పాడుబడ్డ బావికి కూడా.
పొద్దున్నించీ టేపు పట్టుకుని అడుగుతున్నాను,
కన్నెమ్మ గుడి ఎక్కడని.

దేశమ్మ నడుందాకా ఉప్పుటేట్లో ఉంది.
తాటాకు బుట్ట పళ్లతో కరుచుకుని
బూడిద కలిసిన బురదలో
చేతుల్తో రొయ్యల్ని తడుముతోంది.
బుట్ట వదలకుండానే నవ్వింది.

గట్టెక్కాక
సగం తమిళం, సగం సూళ్లూరుపేట తెలుగు:
"మాసి పున్నమికి ఇసకతో ఏడు మెట్లు కడతాం.
వేపకొమ్మ, పసుపు, గుప్పెడు మరమరాలు.
ఏడుగురూ నీళ్లలోంచి లేచొచ్చి
మా ముసిలాయన గొంతుతో మాట్లాడతారు,
ఎవరి పిల్లకి ఎవరు, ఏ పాముకి ఎందుకు కోపం.
తెల్లారేసరికి అల అంతా తీసుకుపోద్ది."

"మరి ఏమీ మిగలదా?"

"మిగిలితే ఆమె రాలేదని కదా."

రాసుకోబోయాను. ఏ గడిలో?
పోటు గీతకి పన్నెండు మీటర్లు,
రేవు కంపెనీ గోడ లేచే చోటు.

"బూట్లు తియ్యి," అంది ఉన్నట్టుండి.
"ఇందాకట్నించీ ఆమె ఒళ్లోనే నిలబడ్డావ్."

తీశాను. ఇసక కాలుతోంది.
ఒక మేజోడు గాలికి దొర్లిపోతే
ఆమె మనవడు పరిగెత్తి తెచ్చాడు.

రాత్రి తండయార్‌పేట గదిలో షీటు పరిచి
సముద్రం అని రాసిన అంచున
పెన్సిల్‌తో ఏడు చుక్కలు పెట్టాను.
సిరా పట్టించలేదు.
ఆఫీసులో చెరిపేస్తారు, తెలుసు.

అలా చెరిపేదే.
కానీ అది
పిలిస్తే వచ్చి చెరుపుతుంది.