మంగళారం సెలవు

మంగళారం మా కటింగ్ దుకాణాలకు షట్టరు.
ఆ పూట ఇంట్ల ఉంటే ఏదో ఒక పని తగులుతదని
నారాయణగూడల, జిరాక్స్ దుకాణం మీది అంతస్తుకు
బొమ్మలు నేర్సుకునెటందుకు పోతున్న.
యాభై రెండేండ్లకు.
మా ఆమె నవ్వి ఊకున్నది.

గదిల ఏడు స్టాండ్లు, ఒక ఎత్తు స్టూలు.
స్టూలు మీద ఆశన్న.
మలక్‌పేట గంజుల నలభై ఏండ్లు మూటలు మోసి
ఇప్పుడు గంటకింత అని తీసుకొని
కదలకుండ కూసునే పని చేస్తున్నడు.
"గిదే కష్టం," అంటడు,
"మూటైతే దించొచ్చు."

మొదట నాకేం భయం లేకుండె.
తలకాయంటే నాకు కొత్తనా?
దినానికి ఇరవై తలలు, ముప్పై ఏండ్లు,
లెక్క మీరే కట్టుకోండ్రి.
ఎవరికి రెండు సుడులో, ఎవరికి చెవి వెనక బొడిపెనో,
ఎవరు చిన్నప్పుడు మెట్ల మీద పడ్డరో
ఇంట్లోళ్ళు మరిచినా నా వేళ్ళకు యాదుంటది.

బొగ్గుపుల్ల పట్టుకోంగనె
ఆ వేళ్ళే నా మాట ఇనలే.

ఫరీదా మేడం వచ్చి నిలబడ్డది.
నేను గీసిన ఆశన్నకు
కళ్ళు నొసట్లున్నయి, నొసలు లేదు,
నెత్తి కుండ మీద మూత లెక్క.
"కళ్ళు ఎక్కడుంటయి?" అన్నది.
"పైన," అన్న.
"కొలిచి చూడు."
చెయ్యి చాపి, ఒక కన్ను మూసి,
పెన్సిలు మీద బొటనవేలు జరుపుకుంట కొలిచిన:
గదువ నుంచి కంటి దాకా ఎంతో
కంటి నుంచి నడినెత్తి దాకా అంతే.
మళ్ళ కొలిచిన. అంతే.
సగం తల!
నా కూడు పుట్టే జాగ అది.
కాగితం మీద దానికి నేను
రెండేళ్ళ సందు ఇచ్చిన.

ఇంకో మంగళారం తెలివి చేసి
ఆశన్న వెనక కూసున్న.
అది నాకు చీకట్ల కూడ తెలిసిన తొవ్వ.
మెడ గుంత, చెవుల వెనక ఎముక,
మూటలకు అణిగి పీట లెక్కయిన నడినెత్తి.
జరసేపట్ల దిగింది బొమ్మ.
పక్కన గీసే సుప్రజ ఫోన్ల ఫోటో గూడ తీసుకున్నది.
మేడం చూసింది. బాగుందనలే.
నా స్టూలు తనే ఎత్తి
ముందల తెచ్చి పెట్టింది.

మూడు వారాలు ముందలనే కూసున్న.
మెట్రో పోయినప్పుడల్లా కిటికీల వెలుగు ఆరి
ఆశన్న బుగ్గల నీడ దుంకుతది,
మళ్ళ తన జాగకొస్తది.
రొట్టె ముక్కతోని తుడుస్త, గీస్త, తుడుస్త.
ముక్కు కుదిరింది. చెవి కనుబొమ్మ కాడ మొదలై
ముక్కు కొన కాడ ఆగుతదని సుత తెలిసింది.
అన్నీ ఉన్నయి, ఆశన్న లేడు.
అతని తమ్ముడసుంటోడు ఎవడో
కాగితంల నుంచి చూస్తున్నడు.

ఆశన్నే చెప్పిండు,
చాయ్ టైముల, బొమ్మ ముందల నిలబడి
దవడ మీది గాటు తడుముకుంట:
"కొక్కెం దిగింది ఎడమ దిక్కు గదా.
కుడికి పెట్టినవేంది?"

అప్పుడు సమజైంది.
ముప్పై ఏండ్లు మనుషుల వెనక నిలబడి
వాళ్ళ ముఖాలు అద్దంల చూసినోణ్ణి నేను.
నా ఎడమ చేతి దిక్కే వాళ్ళ ఎడమ.
మాట్లాడినా అద్దంతోనే, నవ్వినా అద్దంతోనే.
గడ్డం గీసేటప్పుడు దగ్గరికి వంగుత,
కని అప్పుడు చెంప కనబడతది,
మనిషి కనబడడు.

ఇంకో కాగితం పెట్టిన.
ఆశన్న స్టూలెక్కి, చాక్‌పీసు గుర్తుల మీద
కాళ్ళు సర్దుకొని నా దిక్కు చూసిండు.
నేను చూసిన.
నడుమ గాజు లేదు.
కొంచెం సిగ్గయింది,
పిల్లను చూడవోయిన నాటి లెక్క.

ఆ బొమ్మ గూడ కుదరలే.
ఒక కన్ను పెద్దది, గదువ వంకర.
గాటు మాత్రం దాని జాగల అది ఉన్నది.

బుధారం పొద్దుగాల మొదటి గిరాకీ,
పాల బాలమల్లు, కుర్చీల కూసోంగనె
కుర్చీని నా దిక్కు తిప్పిన.
"ఏమైందే?" అని జంకిండు.
"ఏం లే. కళ్ళు ముయ్యకు," అన్న.
కత్తెర ఇంకా తీయలే.